పొగ మాల్ట్‌లలో ఏ సీసా ఎవరికి: లఫ్రోయిగ్ నుంచి హైలాండ్ పార్క్ దాకా

పొగ వాసన ఉండే సింగిల్ మాల్ట్ స్కాచ్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసే స్కాట్లాండ్ విస్కీ) కొనాలనుకున్నవారు మొదట అడిగే ప్రశ్న ‘అన్నిటికన్నా పొగ ఎక్కువగా ఉండేది ఏది?’ అన్నది, రెండోది ‘ఎన్నేళ్లది తీసుకోవాలి?’ అన్నది. సీసా ఎంపికకు ఈ రెండు ప్రశ్నలూ పెద్దగా పనికిరావని నా అభిప్రాయం. లఫ్రోయిగ్ పదేళ్లది ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆసుపత్రి వార్డు గుర్తొచ్చి గ్లాసు పక్కన పెట్టేసిన మనిషే లాగావూలిన్ పదహారేళ్లది ఇష్టంగా తాగడం మామూలే. ఆ రెండు డిస్టిలరీలు వాడే ధాన్యంలోని పొగ మోతాదులో మరీ పెద్ద వ్యత్యాసం లేదు. తేడా అంతా ఆ పొగ స్వభావంలో, దానికి తోడుగా వచ్చే తీపిలో, నిమ్మ పులుపులో, సీసాలోకి ఎక్కించిన ఆల్కహాల్ శాతంలో ఉంది. కాబట్టి ఏ రకం పొగ, దాని పక్కన ఏముంది, ఎంత బలం అన్న మూడు ప్రశ్నలతోనే ఈ పోలికను నడిపిస్తాను.

ముందుగా ఒక అపోహను తీసేయాలి. విస్కీ పీపాల లోపలి గోడలను మంటతో కాలుస్తారు కనుక పొగ అక్కడి నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాల్చిన చెక్క వల్ల వనిల్లా, కారమెల్ వంటి తీపి వాసనలు వస్తాయే తప్ప మనం మాట్లాడుకుంటున్న పొగ రాదు. అది బార్లీ గింజలకు, విస్కీ పుట్టకముందే పట్టిన పొగ. బార్లీని నానబెట్టి మొలకెత్తించాక, ఆ మొలక పెరగకుండా ఆపడానికి గింజను ఆరబెట్టాలి. చెట్లు తక్కువగా ఉండి, బొగ్గు పడవల్లో రావలసిన స్కాట్లాండ్ పశ్చిమ, ఉత్తర దీవులలో అందుకు దొరికిన వంటచెరకు పీట్ ఒక్కటే. చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, హెదర్ పొదలు వేల సంవత్సరాలుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన పొరను ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాలుస్తారు. గింజ ఇంకా తడిగా ఉన్నప్పుడే ఆ పొగలోని ఫినాల్ జాతి రసాయనాలు పొట్టుకు అంటుకుంటాయి. బాగా ఆరిపోయిన గింజకు అంతగా పట్టవు. గ్వాయకాల్ అనే పదార్థం కట్టె కాలిన వాసననూ, క్రెసాల్‌లు తారు వాసననూ మందుల వాసననూ తెస్తాయి. ఏ పీట్ నేలలో ఏ మొక్కలు ఉన్నాయన్నదాన్ని బట్టి వీటి పాళ్లు మారుతాయి. ఆర్క్‌నీ దీవుల పీట్‌లో హెదర్ ఎక్కువ, అందుకే అక్కడి పొగ మృదువుగా, పూల వాసనతో ఉంటుంది. ఐలా దీవి పీట్ పొగ తారును, సముద్రపు ఒడ్డును తలపిస్తుంది.

ఇక పీపీఎం అంకె సంగతి. పదిలక్షల వంతుల్లో ఫినాల్ ఎన్ని వంతులుందో చెప్పే ఈ కొలతను అమ్మేవారు గొప్పగా చెబుతారు, కొనేవారు గొప్పగా వింటారు. లాగావూలిన్‌కు సుమారు 35, లఫ్రోయిగ్‌కు 40 నుంచి 45, ఆర్డ్‌బెగ్‌కు 55 అని చెప్పుకుంటారు. కానీ ఈ కొలత తీసేది ఆరబెట్టిన బార్లీలో. సీసాలోని విస్కీలో కాదు. పిండి పట్టడం, పులియబెట్టడం, రెండుసార్లు బట్టీ పట్టడం, ఏళ్ల తరబడి పీపాలో ఉంచడం అనే దశలు దాటేసరికి అందులో చాలా భాగం పోతుంది. ఎంత పోతుందన్నది బట్టీ ఆకారం మీద, దాన్ని నడిపే మనిషి నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. రెండోసారి బట్టీ పట్టేటప్పుడు మొదట వచ్చే ద్రవాన్నీ చివర వచ్చేదాన్నీ పక్కకు తీసి మధ్య భాగాన్నే పీపాకు పంపుతారు. బరువైన ఫినాల్‌లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఆ మధ్య భాగాన్ని కాస్త ముందే ఆపితే పొగ తగ్గుతుంది, ఆలస్యంగా ఆపితే తారు, మందుల వాసన పెరుగుతుంది.

దీనికి లాగావూలిన్, కూల్ ఈలా డిస్టిలరీలను మించిన రుజువు అక్కరలేదు. రెండూ ఐలా దీవిలోవే, రెండిటి యజమానీ డియాజియో సంస్థే, రెండూ అదే దీవిలోని పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ అనే, బార్లీని మొలకెత్తించి ఆరబెట్టే కేంద్రం నుంచి దాదాపు ఒకే మోతాదు పొగ పట్టిన బార్లీని తెచ్చుకుంటాయి. లాగావూలిన్‌లో పొట్టిగా, బేరిపండు ఆకారంలో ఉన్న బట్టీలను నిండుగా నింపి నెమ్మదిగా కాస్తారు. ఆవిరికి బట్టీ రాగి గోడలను తాకే అవకాశం తక్కువ, అందుకే బరువైన రుచులు మిగులుతాయి. కూల్ ఈలా బట్టీలు పెద్దవి, వాటిని అంత నిండుగా నింపరు. ఆవిరి పైకి వెళ్లి, చల్లబడి, మళ్లీ కిందికి జారుతూ తేలికపడుతుంది. ఫలితంగా ఒకటి చిక్కగా, తియ్యగా, నిదానంగా కాలే మంటలా ఉంటే, రెండోది పలచగా, నిమ్మ తొక్క వాసనతో, శుభ్రమైన పొగతో ఉంటుంది. ఒకే గింజ, రెండు విస్కీలు. పీపీఎం చూసి కొనేవారికి ఈ తేడా ఎన్నటికీ కనబడదు.

అంకెల పోటీలో అందరికన్నా ముందున్నది బ్రుక్‌లాడీ డిస్టిలరీ తయారుచేసే ఆక్టోమోర్. దాని 8.3 విడుదలలో బార్లీ కొలత 309 పీపీఎం దాటింది. అంటే ఆర్డ్‌బెగ్‌కు అయిదు రెట్ల పైమాట. అయినా నోట్లో అయిదు రెట్ల పొగ ఉండదు, ఎందుకంటే అక్కడి బట్టీల మెడలు పొడవుగా, సన్నగా ఉండి తేలికైన మద్యాన్ని ఇస్తాయి. ఆక్టోమోర్ మంచి విస్కీయే గాని, తొలి సీసాగా దాన్ని కొనడం అనవసరపు ఖర్చు అంటాను.

దక్షిణ తీరపు మూడు ఇరుగుపొరుగులు

ఐలా దీవి దక్షిణ తీరంలో పోర్ట్ ఎలెన్ ఊరి నుంచి తూర్పుగా వెళ్లే ఒకే దారి మీద, నడిచి చేరుకోగలిగినంత దగ్గరలో లఫ్రోయిగ్, లాగావూలిన్, ఆర్డ్‌బెగ్ వరుసగా వస్తాయి. లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ 1815లో, లాగావూలిన్ 1816లో ఆరంభమైనట్టు లెక్క. ఇంత దగ్గరగా ఉన్నవి ఒకే రుచి ఇవ్వాలి కదా అనిపిస్తుంది. ఆ ప్రయత్నం ఒకటి నిజంగానే జరిగింది. లాగావూలిన్ యజమాని పీటర్ మాకీ లఫ్రోయిగ్‌తో గొడవపడి, దాని రుచిని తానే పుట్టిస్తానని 1908లో తన ఆవరణలోనే మాల్ట్ మిల్ అనే చిన్న డిస్టిలరీ కట్టించాడు. విస్కీ అయితే వచ్చింది గాని అది లఫ్రోయిగ్ కాలేదు. 1962లో మాల్ట్ మిల్ మూతపడింది.

లఫ్రోయిగ్ పదేళ్లది ఈ మూడింటిలో అన్నిటికన్నా మొండిది. అయోడిన్, గాయానికి కట్టే పట్టీ, తడి సముద్రపు నాచు, వాటి వెనుక తారు, అంతా అయ్యాక నాలుక అంచున ఉప్పదనంతో కలిసిన తీపి వనిల్లా. ఆ తీపి ఎక్కువగా, బర్బన్ అనే అమెరికా విస్కీని అంతకుముందు ఉంచిన పీపాల నుంచి వచ్చింది. తనకు కావలసిన బార్లీలో కొంత భాగాన్ని ఈ డిస్టిలరీ ఎన్నో ఏళ్లుగా సొంత గచ్చు మీద పరిచి మొలకెత్తించి, తన సొంత పీట్‌తో ముందు పొగబెట్టి ఆ తర్వాత వేడిగాలితో ఆరబెడుతూ వచ్చింది. దీని మీద మధ్యస్థ అభిప్రాయాలు అరుదు. మందుల వాసన అంటే మీకు చిన్నప్పటి నుంచీ గిట్టకపోతే, ఎవరెంత మెచ్చుకున్నా ఇది కొనవద్దు. ఆ వాసనతో పేచీ లేనివారికి మాత్రం ఈ ధరలో ఇంత వ్యక్తిత్వం ఉన్న విస్కీ మరొకటి దొరకడం కష్టం. ఒక సూచన: బ్రిటన్‌లో దీన్ని 40 శాతంతో, అమెరికాలో 43 శాతంతో అమ్ముతారు. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిపెడతామంటే కాదనకండి. 48 శాతంతో వచ్చే క్వార్టర్ కాస్క్ ఇంకా మెరుగనిపిస్తుంది. చిన్న పీపాలలో కొంతకాలం ఉంచడం వల్ల చెక్క తీపి పెరిగి మందుల వాసనను కాస్త అణచి ఉంచుతుంది.

లాగావూలిన్ పదహారేళ్లది 43 శాతంతో వస్తుంది. 1988లో ఆరంభమైన క్లాసిక్ మాల్ట్స్ శ్రేణిలో ఐలా తరఫున నిలబెట్టింది దీన్నే. పొగ ఇక్కడ చల్లారిన బొగ్గుల వాసనలా లోపలి నుంచి వస్తుంది. ఎండుద్రాక్ష, కాస్త చేదెక్కిన తేయాకు, తోలు, చివర్లో చాలాసేపు నిలిచే పొడి తీపి. పదహారేళ్లు పీపాలో ఉండటం వల్ల పొగ పదును తగ్గి గుండ్రబడింది. కొంతమంది ఇదే లోపమంటారు. ఇదే డిస్టిలరీ 2016లో ద్విశతాబ్ది సందర్భంగా తెచ్చిన ఎనిమిదేళ్ల విస్కీని, 48 శాతంది, పక్కన పెట్టి తాగితే వాళ్లు చెప్పేది అర్థమవుతుంది. ఎనిమిదేళ్లదాంట్లో పొగ కత్తిలా ఉంటుంది, నిమ్మ పులుపు ఉంటుంది, రంగు పలచన. పొగ కోసమే కొంటున్నవారికి ఎనిమిదేళ్లది, పొగతో పాటు తీపి, నిదానం కావలసినవారికి పదహారేళ్లది సరిపోతాయి.

మన దగ్గర వయసుకు ఇచ్చే మర్యాద గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పన్నెండేళ్లదాని కన్నా పద్దెనిమిదేళ్లది, దానికన్నా పాతికేళ్లది గొప్పదన్న నమ్మకంతో పెళ్లికీ గృహప్రవేశానికీ కానుకగా సీసాలు కొనేవారు ఉన్నారు. పొగ మాల్ట్‌ల విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పొగ తగ్గి చెక్క రుచి పెరుగుతుంది కనుక, పొగను ప్రేమించేవారికి అయిదు నుంచి పదేళ్ల మధ్యవే ఎక్కువగా నచ్చుతాయి. ఆర్డ్‌బెగ్ వారు అయిదేళ్ల వయసుకే వీ బీస్టీ అనే విస్కీని 47.4 శాతంతో అమ్ముతున్నది అందుకే. ధర తక్కువ, పొగ ఎక్కువ.

రంగునూ నమ్మవద్దు. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడాన్ని చట్టం అనుమతిస్తుంది కాబట్టి చిక్కటి తేనె రంగులో ఉన్నది బలమైనదని అనుకోవడం పొరపాటు. లేత గడ్డి రంగులో ఉండే ఆర్డ్‌బెగ్ పదేళ్లది నోట్లో లాగావూలిన్ కన్నా ఎంతో ఉద్ధృతంగా ఉంటుంది. 46 శాతం ఆల్కహాల్, చల్లబరచి వడకట్టని తయారీ. మసి, తారు, పచ్చి నిమ్మకాయ, నల్ల మిరియాలు, వాటి కింద ఎవరూ ఊహించని పాల తీపి. బట్టీకి అమర్చిన ప్యూరిఫయర్ అనే గొట్టం బరువైన ఆవిరిని చల్లబరచి మళ్లీ లోపలికి పంపుతుంది, అందుకే అంత పీపీఎం ఉన్నా ఆ తీపి బతికి ఉంటుంది. ఈ డిస్టిలరీ 1981 నుంచి 1989 దాకా మూతపడి ఉండి, తిరిగి తెరిచినా సరిగా నడవక, 1997లో గ్లెన్‌మొరాంజీ సంస్థ కొన్నాకే నిలదొక్కుకుంది. ఇవాళ దీని ప్రత్యేక విడుదలల కోసం ఎగబడే గుంపును చూస్తే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు. ఆ ప్రత్యేక విడుదలల జోలికి పోకుండా పదేళ్లదాని దగ్గరే ఆగిపోయినా మీరేమీ పోగొట్టుకోరు. షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన పీపాల తీపి కూడా కావాలంటే 54.2 శాతంతో వచ్చే ఊగడాల్ చూడవచ్చు.

ఈ మూడింటిలో ఒక్కటే కొనాల్సి వస్తే నా ఓటు ఆర్డ్‌బెగ్ పదేళ్లదానికి. నీళ్లు కలిపినా చెదరదు, మందుల వాసన మరీ ముందుకు రాదు, లాగావూలిన్ కన్నా సాధారణంగా చవక.

మెల్లగా మొదలుపెట్టాలనుకునేవారికి

బ్లాక్ లేబుల్ తాగే అలవాటు ఉన్నవారు తమకు తెలియకుండానే కొంత ఐలా పొగను రుచి చూసే ఉంటారు, ఎందుకంటే జానీ వాకర్ మిశ్రమాలకు కూల్ ఈలా ఎన్నో ఏళ్లుగా ముఖ్యమైన మాల్ట్. ఆ పొగ ఇష్టమై ఇంకొంచెం కావాలనిపించేవారు నేరుగా 43 శాతంతో వచ్చే కూల్ ఈలా పన్నెండేళ్లదానికి వెళ్లాలి. ఈ వరుసలో అన్నిటికన్నా పేరు తక్కువ, పనితనం ఎక్కువ ఉన్న విస్కీ ఇదే.

స్కై దీవిలో 1830లో మొదలైన టాలిస్కర్ పదేళ్లది ఐలావాటికి భిన్నంగా ఉంటుంది. పొగ మధ్యస్థం, ఉప్పదనం ఉంది, కానీ గుర్తుండిపోయేది మింగాక గొంతు వెనుక రాజుకునే నల్ల మిరియాల ఘాటు. 45.8 శాతం బలం ఆ ఘాటుకు తోడవుతుంది. కారానికి అలవాటు పడిన మన నాలుకకు ఇది త్వరగా నచ్చుతుందని నాకనిపిస్తుంది. తొలి పొగ మాల్ట్‌గా దేన్ని కొనాలని ఎవరైనా అడిగితే, ఎక్కువసార్లు దీని పేరే చెబుతాను.

బోమోర్ పన్నెండేళ్లదీ, హైలాండ్ పార్క్ పన్నెండేళ్లదీ 40 శాతంతో దొరుకుతాయి. 1779 నాటి బోమోర్ ఐలాలో అన్నిటికన్నా పాత డిస్టిలరీ. పొగ, నిమ్మ, తేనె సమంగా ఉంటాయి గాని, ఆ 40 శాతం వల్ల కాస్త నీళ్లగా అనిపిస్తుంది. ఆర్క్‌నీలోని కర్క్‌వాల్ పట్నంలో ఉన్న హైలాండ్ పార్క్ హాబిస్టర్ మూర్ పీట్‌తో పొగబెట్టిన సొంత బార్లీని పొగ లేని బార్లీతో కలుపుతూ వచ్చింది. షెర్రీ పీపాల తీపి ముందు, పొగ వెనుక. పొగ అంటే భయమున్న ఇంటివారితో కలిసి తాగాలంటే ఇది మేలు.

ఐలా అని రాసి ఉన్నంత మాత్రాన పొగ ఉంటుందనుకోవద్దు. బూనహావన్ పన్నెండేళ్లదీ, బ్రుక్‌లాడీ వారి క్లాసిక్ లాడీ అనే లేత నీలిరంగు సీసా పొగ లేనివి. అదే బ్రుక్‌లాడీ వారి పోర్ట్ షార్లెట్ పదేళ్లది 50 శాతం బలంతో గట్టి పొగ ఉన్నది. పేర్లు సరిగా చూసుకోకపోతే ఒకటి అనుకుని మరొకటి తెచ్చుకుంటారు. ఇక 2005లో పొలం మధ్య మొదలైన కిల్‌హోమన్ వారి మాకిర్ బే, 46 శాతంది, వయసు అంకె లేకపోయినా చక్కటి విస్కీ. మల్ దీవిలోని టాబర్‌మోరీ డిస్టిలరీ చేసే లేడేగ్ పదేళ్లది మట్టి, రబ్బరు వాసనలతో మొరటుగా ఉంటుంది, అలాంటివి ఇష్టపడేవారికి మాత్రమే.

భారతదేశంలోనే కొనాలనుకుంటే ధర పెద్ద అడ్డంకి. దిగుమతి స్కాచ్ మీద అప్పటికి 150 శాతం ఉన్న కస్టమ్స్ సుంకాన్ని మొదట 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దించాలని 2025 జులైలో సంతకమైన భారత్–బ్రిటన్ వాణిజ్య ఒప్పందంలో ఉంది. కానీ రాష్ట్రాల పన్నులు వేరు, అందుకే దుకాణంలో ధర అదే నిష్పత్తిలో పడిపోతుందని ఆశ పెట్టుకోనక్కరలేదు. విదేశాల నుంచి వచ్చేవారు తలా రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. డ్యూటీ ఫ్రీ దుకాణాల్లో మాత్రం జాగ్రత్త: తెలిసిన డిస్టిలరీ పేరుతోనే, అక్కడ తప్ప ఎక్కడా దొరకని, వయసు అంకె లేని సీసాలు చాలా ఉంటాయి. పెట్టె అందంగా ఉందని అవి తీసుకునే బదులు, పైన చెప్పిన మామూలు రకాల లీటరు సీసా కోసం వెతకడం లాభం. స్కాచ్ కాకపోయినా ఫరవాలేదనుకునేవారికి బెంగళూరు అమృత్ వారి ఫ్యూజన్ మంచి మెట్టు. పొగ పట్టిన స్కాట్లాండ్ బార్లీని, పొగ లేని మన బార్లీని కలిపి చేసిన ఈ విస్కీ 50 శాతంతో వస్తుంది. గోవాలోని పాల్ జాన్ వారి బోల్డ్‌లో పొగ ఇంకా స్పష్టంగా ఉంటుంది. మన వేడికి పీపాలోంచి ఏటా ఆవిరయ్యే భాగం స్కాట్లాండ్‌లో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక ఇవి చిన్న వయసులోనే చెక్క రుచితో బరువెక్కుతాయి. ఐలా సముద్రపు ఉప్పదనం వీటిలో ఆశించకూడదు, కానీ పొగ మీకు పడుతుందా లేదా అన్నది తేల్చుకోవడానికి ఇవి చాలు.

పక్కపక్కన పెట్టి చూడటం

ఒక్క సీసాను ఒంటరిగా రుచి చూసి దాని గుణం చెప్పడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. రెండింటిని, గరిష్ఠంగా మూడింటిని పక్కపక్కన పెట్టుకుంటే తేడాలు వాటంతట అవే మాట్లాడతాయి. నలుగురు స్నేహితులు తలా ఒక సీసా కొని పంచుకోవడం ఇందుకు తేలికైన దారి. మంచి బార్‌లో ముప్పై మిల్లీలీటర్ల పెగ్గులుగా తీసుకోవడం ఇంకొకటి. సీసా కొన్నాక నచ్చకపోవడం కన్నా అదే చవక. ఇంట్లో పదిహేను, ఇరవై మిల్లీలీటర్లు పోసుకుంటే చాలు. మొదటి పోలికకు కూల్ ఈలా, లాగావూలిన్ జతను సూచిస్తాను, కారణం పైన చెప్పాను. రెండోదానికి టాలిస్కర్, లఫ్రోయిగ్. ఏ జతలోనైనా తేలికైనదాన్ని ముందు తాగాలి. లఫ్రోయిగ్ తర్వాత హైలాండ్ పార్క్ తాగితే అందులో నీళ్లు తప్ప ఏమీ లేవనిపిస్తుంది.

అంచు లోపలికి వంగిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఉంటే మంచిది, లేకపోతే కాడ ఉన్న చిన్న వైన్ గ్లాసు సరిపోతుంది. వెడల్పాటి గ్లాసులో వాసన నిలవదు. గ్లాసును ఒక్కసారిగా ముక్కుకు ఆనించకుండా ముందు గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి పీలిస్తే ఆల్కహాల్ మంట ముక్కుకు తగలదు. మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికే, దాని మీద తీర్పు ఇవ్వవద్దు. ముక్కు పొగకు తొందరగా మొద్దుబారుతుంది. రెండు మూడు నిమిషాల్లో పొగ మాయమై పండ్లు, తేనె కనబడటం మొదలైతే అది విస్కీ మారడం కాదు, ముక్కు అలిసిపోవడం. అయినా అదీ ఉపయోగమే, పొగ వెనుక ఏముందో అప్పుడే తెలుస్తుంది. మళ్లీ పొగ కావాలంటే లేచి బయటి గాలిలో కాసేపు నిలబడాలి.

ఆర్డ్‌బెగ్‌లో అరచెంచా నీళ్లు వేసి గ్లాసును దీపం ముందు పట్టి చూడండి. నీరు దిగిన చోట ముందు నూనె తీగలు మెలికలు తిరుగుతాయి, తర్వాత మొత్తం సన్నటి మబ్బు పట్టినట్టు మసకబారుతుంది. వడకట్టకుండా వదిలేసిన కొవ్వు పదార్థాలు ఆల్కహాల్ తగ్గగానే విడిపోవడమే దీనికి కారణం, కల్తీ ఏమీ కాదు. ఇప్పుడు వాసన చూస్తే మసి కొంచెం వెనక్కి తగ్గి నిమ్మ ముందుకు వస్తుంది. నీళ్లు కలపడం విస్కీకి అవమానమన్న పట్టుదల అక్కరలేదు. పొగ వాసనకు మూలమైన గ్వాయకాల్ అణువులు ఆల్కహాల్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ద్రవం లోపల ఉండిపోతాయనీ, 45 శాతం వరకు పలచబరిస్తే పైపొరకు చేరతాయనీ స్వీడన్‌లోని లినియస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో కంప్యూటర్ లెక్కలతో చూపించారు. కాబట్టి 54, 57 శాతం ఉన్న సీసాలకు నీళ్లు తప్పనిసరి, 46 శాతానికి కొద్దిగా, 40 శాతానికి అసలు వద్దు. నీళ్లు గది వేడిలో ఉండాలి, కాస్త కాస్తగా కలపాలి.

గది వేడి అన్నాను గాని, ఆ మాట ఏ గదికన్నది చూడాలి. స్కాట్లాండ్‌లో అది పద్దెనిమిది, ఇరవై డిగ్రీలు. విజయవాడ మే నెలలో అదే మాట ముప్పై అయిదు దాటుతుంది, ఆ వేడిలో పోసిన విస్కీ నుంచి ఆల్కహాల్ తప్ప ఇంకేమీ ముక్కుకు అందదు. ఏసీ గదిలో తాగడమో, ఖాళీ గ్లాసును కొన్ని నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి వాడటమో చేయాలి. అయిసు వేస్తే వాసనలు ముడుచుకుపోతాయి, తీపి మొదట పోతుంది, చేదు పొగ మిగులుతుంది. సోడాతో తాగే అలవాటు మానలేనివారికి టాలిస్కర్, కూల్ ఈలా బాగా కుదురుతాయి. సోడా బుడగలు పొగను పైకి తెస్తాయి. లాగావూలిన్ పదహారేళ్లదాంట్లో సోడా పోయడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

మంచింగ్ విషయంలో మన అలవాటును కొంచెం మార్చుకోవాలి. మిరపకాయ బజ్జీ, కారం పట్టించిన చికెన్ వేపుడు ఆల్కహాల్ మంటను రెట్టింపు చేసి, పొగలోని సూక్ష్మతను పూర్తిగా కప్పేస్తాయి. రుచి చూసేంతసేపూ ఉప్పు వేసి వేయించిన జీడిపప్పు, గట్టి చీజ్, చేదు చాక్లెట్ వంటివి చాలు. ఐలాలో పచ్చి ఆల్చిప్పల మీద విస్కీ చుక్కలు వేసుకుని తింటారు. మనకు దగ్గరలో దొరికేది కారం లేకుండా నిప్పుల మీద కాల్చిన రొయ్య. అది కూల్ ఈలాకు చక్కటి జోడీ. బజ్జీలు తర్వాత, భోజనంలో.

ఇంతకీ ఎవరు ఏది కొనాలి? ఇప్పటిదాకా పొగ ఎరగనివారు టాలిస్కర్ పదేళ్లదానితో మొదలుపెట్టాలి, ఘాటు వద్దనుకుంటే హైలాండ్ పార్క్. బ్లాక్ లేబుల్ నుంచి పైకి రావాలనుకునేవారు కూల్ ఈలా. షెర్రీ తీపి ఉన్న మాల్ట్‌లకు అలవాటుపడినవారు లాగావూలిన్ పదహారేళ్లది, ధర భరించగలిగితే. పొగ నచ్చుతుందని ఇప్పటికే తెలిసినవారు ఆర్డ్‌బెగ్ పదేళ్లది. లఫ్రోయిగ్‌ను మాత్రం ఒక్క పెగ్గు రుచి చూడకుండా సీసా కొనవద్దు. ఆ ఒక్క పెగ్గు నచ్చితే ఇక మిగతా జాబితాతో పనిలేదు. కానుకగా ఇవ్వదలచినవారు, అందుకునేవారి ఇష్టం తెలియకపోతే, పొగ మాల్ట్ జోలికే పోకపోవడం మంచిది.

కొన్నాక సీసాను నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే బలమైన ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. ఎండ తగలని, వేడి తక్కువున్న అలమరాలో పెట్టాలి. సీసా నిండుగా ఉన్నంతకాలం మార్పు తక్కువ, సగం దాటి ఖాళీ అయ్యాక లోపలి గాలి వల్ల అన్నిటికన్నా ముందు తగ్గేది పొగే. కాబట్టి మూడోవంతుకు దిగిన సీసాను మరో విశేష సందర్భం కోసం ఏళ్ల తరబడి దాచడం కన్నా కొద్ది నెలల్లో ముగించాలి, లేదా చిన్న సీసాలోకి మార్చి మూత బిగించాలి.